జీతం పడిన గంటకే ఖాతా ఖాళీ: ఆటో డెబిట్ ఆపేస్తే తప్పా?

విజయవాడ నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 31. ఒక ప్రైవేటు ల్యాబ్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్యోగం, చేతికొచ్చే జీతం నెలకు 27,400. భర్త ట్రాలీ ఆటో నడుపుతారు. కిరాయిలు దొరికిన రోజు దొరుకుతాయి, లేని రోజు లేదు. పోయిన ఏడాది వాళ్లమ్మగారికి ఆపరేషన్ అయినప్పుడు డబ్బు తక్కువపడి, ఇంట్లో చెప్పకుండా ఫోన్‌లో ఒక లోన్ యాప్ నుంచి పది వేలు తీసుకున్నారు. అది తీర్చడానికి ఇంకోటి, దాని వాయిదా కోసం మరోటి. ఇప్పుడు నాలుగయ్యాయి.

మొదటిదానికి నెలకు 4,850, ఇంకా ఐదు వాయిదాలున్నాయి. రెండోది నెల రోజుల అప్పు: చేతికి 9,900 ఇస్తారు, ఒకటో తారీఖున 12,000 లాక్కుంటారు. ఆవిడ ఆ రోజే మళ్లీ తీసుకుంటారు. ఏడు నెలలుగా ఇదే తంతు. మూడోదానికి నెలకు 3,600, మూడు వాయిదాలు మిగిలాయి. ఈ మూడింటికీ జీతం ఖాతా మీద ఆటో డెబిట్ ఉంది, అంటే వాయిదా రోజున డబ్బు దానంతటదే పోతుంది. నాలుగోది వారం రోజుల యాప్. 6,000 అని చెప్పి 3,900 వేశారు. ఇప్పటికి రెండుసార్లు ఆరేసి వేలు కట్టారు, అయినా "ఎక్స్‌టెన్షన్ చార్జీ" అంటూ అడుగుతూనే ఉన్నారు. పోయిన వారం ఆ యాప్ వాళ్లు ఆవిడ మరిదికి ఫోన్ చేశారు.

"జీతం పడిన మెసేజ్ వస్తుంది. నేను బండి స్టాండు వేసి లోపలికి వెళ్లేలోపు మూడు డెబిట్ మెసేజ్‌లు. పోయిన నెల జీతం రెండు రోజులు ఆలస్యమైంది. మూడూ బౌన్స్ అయ్యాయి, వాళ్లు మళ్లీ లాగబోతే ఇంకో రెండు బౌన్స్ అయ్యాయి. ఒక్కోదానికి బ్యాంకు 590 కోసింది. ఆ సాయంత్రం పాల ప్యాకెట్‌కి స్కాన్ చేస్తే బ్యాలెన్స్ లేదని వచ్చింది. వెనకాల క్యూలో మా పక్కింటావిడ ఉంది" అని రాశారు. ఖాతా మూసేయనా, సిమ్ మార్చేయనా, అన్నయ్య ఖాతాలో జీతం వేయించుకోనా అని అడుగుతున్నారు. "నేను ఎగ్గొట్టే మనిషిని కాదు. కానీ నా జీతం నా చేతికి రావాలి" అన్నది ఆఖరి వాక్యం.

అమ్మా, ఆ ఆఖరి వాక్యంలోనే సగం జవాబుంది. ఆటో డెబిట్ ఆపడం వేరు, అప్పు ఎగ్గొట్టడం వేరు. ఈ రెండూ ఒకటేనని యాప్ వాళ్లు మిమ్మల్ని నమ్మించారు. అప్పు తీరేదాకా బాకీ ఉన్నట్టే, అందులో వాదన లేదు. కానీ ఒకటో తారీఖు జీతంలో ముందు ఎవరికి ఇవ్వాలి, అద్దెకా, బియ్యానికా, యాప్‌కా అన్నది తేల్చాల్సింది మీరు. ఇప్పుడది మీ చేతిలో లేదు.

ముందు మీ లెక్క వేద్దాం. ఒకటో తారీఖున పోయేది 4,850, 12,000, 3,600. మొత్తం 20,450. మిగిలేది 6,950. మీ అద్దె 8,500 అని రాశారు. అంటే జీతం పడిన రోజే మీకు అద్దెకు చాలదు. అందుకే రెండో యాప్‌ను మళ్లీ తెరుస్తున్నారు. మిమ్మల్ని తిప్పుతున్నది నాలుగు అప్పులు కాదు, ఆ ఒక్కటే. మన ఊళ్లలో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే "అమ్మో, గొంతు కోస్తున్నాడు" అంటాం. మీరు 9,900కి నెలకు 2,100 కడుతున్నారు. నూటికి 21 రూపాయల వడ్డీ. ఏడు నెలలకు 14,700 ఇచ్చారు, అసలు అలాగే ఉంది. యాప్‌లో దాన్ని "ప్రాసెసింగ్ ఫీజు", "కన్వీనియన్స్ ఫీజు" అని ముక్కలు చేసి చూపిస్తారు కాబట్టి వడ్డీ అనిపించదు. నాలుగోదాని సంగతి చెప్పక్కర్లేదు, వారానికే నూటికి 54.

రెండోది ఒక్కసారి తీర్చి మళ్లీ తీసుకోకపోతే ఏమవుతుందో చూడండి. 27,400లో 4,850, 3,600 పోతే 18,950. అద్దె పోను 10,450 చేతిలో ఉంటుంది. మూడు నెలల తర్వాత మూడో అప్పు తీరి ఇంకో 3,600 మిగులుతుంది. ఐదు నెలలకు మొదటిది కూడా అయిపోతుంది. ఇది మీరు అనుకున్నంత లోతైన నుయ్యి కాదు.

ఇక మీ మూడు ప్రశ్నలు. ఖాతా మూసేయడం వద్దు. మూసినంత మాత్రాన మాండేట్ (ఆటో డెబిట్‌కు మీరిచ్చిన అనుమతి) వెనక ఉన్న అప్పు పోదు. వాళ్లు వాయిదా డబ్బు లాగబోయినప్పుడు "ఖాతా మూసేశారు" అని తిరిగొస్తుంది, మోసం చేయాలనుకున్నారని వాదించడానికి మీరే కాగితం రాసిచ్చినట్టవుతుంది. సిమ్ మార్చొద్దు. బ్యాంకు ఓటీపీలూ నోటీసులూ ఆ నంబరుకే వస్తాయి, రేపు మీకు కావాల్సిన సాక్ష్యం కూడా ఆ ఫోన్‌లోనే ఉంది. అన్నయ్య ఖాతాలో జీతం వేయడానికి చాలా ఆఫీసులు ఒప్పుకోవు. ఒప్పుకున్నా మీ డబ్బు ఇంకొకరి పేరు మీద ఉంటుంది. అన్నయ్య మంచివారే కావచ్చు, వదినగారితో మాటలు మాత్రం మీరే పడాలి.

మీ పేరు మీదే, వేరే బ్యాంకులో, ఒక కొత్త పొదుపు ఖాతా తెరవండి. వేరే బ్యాంకు అని ఎందుకంటున్నానంటే, ఒకే బ్యాంకులో అప్పూ పొదుపూ ఉంటే, ఖాతాలో డబ్బును బాకీకి సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. యాప్ పేరు ఒకటుంటుంది, వెనక డబ్బిచ్చే బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీనో (బ్యాంకు కాని అప్పుల సంస్థ) ఇంకోటి ఉంటుంది. మీ రుణ ఒప్పందంలో ఆ పేరు చూసి, అది కాని బ్యాంకుకు వెళ్లండి. మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా అని అడగండి, ప్రతి బ్యాంకులోనూ ఉంటుంది. ఆ ఖాతాను ఏ లోన్ యాప్‌లోనూ జత చేయొద్దు. అప్పు తీసుకునేటప్పుడు బ్యాంకు వివరాలు చూసుకోవడానికి అకౌంట్ అగ్రిగేటర్ (మీ ఖాతా వివరాలను అప్పిచ్చేవాళ్లకు చేరవేసే సంస్థ) ద్వారా అనుమతి ఇచ్చి ఉంటే దాన్ని రద్దు చేసుకునే వీలుంది, చేసేయండి. ఇప్పుడే మీ హెచ్‌ఆర్‌కు కొత్త ఖాతా నంబరు, క్యాన్సిల్డ్ చెక్కు ఇవ్వండి. చాలాచోట్ల ఇరవయ్యో తారీఖు దాటితే ఆ నెల జీతం పాత ఖాతాకే పోతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. జీతం కొత్త ఖాతాకు మార్చుకుని, పాత ఖాతాను మర్చిపోతారు. అక్కడ మూడు మాండేట్లు బతికే ఉంటాయి. ఖాళీ ఖాతా నుంచి వాళ్లు వాయిదా లాగబోతూనే ఉంటారు, ప్రతిసారీ బ్యాంకు బౌన్స్ చార్జీ పెరుగుతుంది, అప్పిచ్చినవాడు తన వైపు నుంచి ఇంకోటి వేస్తాడు. పోయిన నెల మీకు ఐదు బౌన్సులకు 2,950 పోయింది చూడండి, అది ఏ అప్పులోనూ జమ కాలేదు. కాబట్టి పాత ఖాతాను అప్పుల ఖాతాగా ఉంచండి. కొత్తది ఇంటి ఖాతా. మొదటి, మూడో వాయిదాలు మీరు కట్టగలిగినవే, వాటి మాండేట్లు ముట్టుకోవద్దు. వాయిదాకు ముందు రోజే సరిగ్గా 8,450 పాత ఖాతాకు పంపండి, అంతకు మించి పది రూపాయలు కూడా అక్కడ ఉంచక్కర్లేదు. ఒకటో తారీఖున జీతం, ఒకటో తారీఖునే వాయిదా అయితే ఇది కుదరదు కాబట్టి, వాయిదా తేదీని ఐదుకో ఏడుకో మార్చమని ఆ రెండు సంస్థలకూ ఇప్పుడే ఈమెయిల్ పెట్టండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. ఒప్పుకోకపోతే ఎలాగోలా ఒక్క నెల వాయిదా ముందుగా పాత ఖాతాలో వేసి పెట్టుకోవాలి. ఒక సంగతి: కొన్ని నెలలు జీతం పడకపోతే జీతం ఖాతా మామూలు ఖాతాగా మారి మినిమం బ్యాలెన్స్ అడగొచ్చు. ఎప్పటినుంచో బ్రాంచిలో కనుక్కోండి.

ఇప్పుడు ఆ 12,000. మీ ముందు రెండు దారులున్నాయి.

మీ దగ్గర ఒకటిన్నర తులం గాజులున్నాయని, తాకట్టు పెడితే మీ ఆయన అడుగుతారని రాశారు. బ్యాంకులో బంగారం మీద అప్పు నెలకు నూటికి రూపాయికి అటూ ఇటూగా దొరుకుతుంది. 12,000కి నెలకు 120 రూపాయల చొప్పున. ఇప్పుడు మీరిస్తున్నది 2,100. ఆ డబ్బుతో రెండో అప్పు తీర్చి, బాకీ లేదని చెప్పే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, మాండేట్ రద్దు చేయించి, ఆ యాప్ తీసేయండి. ఇందులో ప్రమాదం ఒక్కటే. యాప్ ఫోన్‌లోనే ఉంటే, నెలాఖర్లో "మీ లిమిట్ 18,000కు పెరిగింది" అని మెసేజ్ వస్తే, గాజులూ పోయి అప్పూ నిలుస్తుంది. ఆఫీసులో జీతం మీద అడ్వాన్సు ఇస్తారేమో కూడా అడగండి. చాలాచోట్ల వడ్డీ ఉండదు. అడగడానికి నామోషీ అనుకుంటారు గానీ, రికవరీ ఏజెంటు ఆఫీసుకు ఫోన్ చేయడం కంటే అది గౌరవమే.

బంగారం ముట్టుకోలేనంటే రెండో దారి. ఈ ఒకటో తారీఖుకు ఆ మాండేట్ ఆపి, 12,000ను నెలకు 4,000 చొప్పున మూడు నెలల్లో మీరే కడతానని రాసివ్వడం. లెక్క బిగుతుగానే ఉంటుంది: వాయిదాలు, అద్దె, ఆ 4,000 పోను ఇంటికి 6,450 మిగులుతుంది. కానీ కొత్త అప్పు అక్కర్లేదు. దీనికి వచ్చే నష్టాలు దాచను. ఆలస్య రుసుము పడుతుంది. సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నారో చూపే మార్కులు) తగ్గుతుంది. ఫోన్లు మొదలవుతాయి. తక్కువకు సెటిల్ చేసుకుందాం అని వాళ్లే అంటే అది ఊరట అనిపిస్తుంది గానీ, సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" బదులు "సెటిల్డ్" అని పడుతుంది, రేపు ఇంటి లోనుకు వెళ్తే అది కనబడుతుంది.

నోటీసు గురించి కూడా తెలుసుకోండి. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగిపోతే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలోని 25వ సెక్షన్ కింద, చెక్ బౌన్స్ కేసు లాంటిదే వేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. భయపడమని చెప్పడం లేదు. బౌన్స్ అయిన సంగతి తెలిసిన 30 రోజుల్లో వాళ్లు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో మీరు ఆ డబ్బు కట్టేస్తే కేసు నిలవదు. "మాండేట్ రద్దు చేశాను కదా, ఇంక నాకేం కాదు" అనుకోవద్దు. లాయరు కవరు వస్తే బీరువా కింద తోసేయకుండా ఆ రోజే చదవండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు అక్కడ న్యాయసహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100.

మాండేట్ ఆపడానికి బ్యాంకుకు వెళ్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు, కౌంటర్‌కు అవతలి వైపు చాలా ఏళ్లు కూర్చున్నాను. "లోన్ వాళ్ల దగ్గర్నుంచి లెటర్ తెండమ్మా" అంటారు. తేనక్కర్లేదు. మాండేట్ అంటే మీ ఖాతాలోంచి డబ్బు ఇవ్వమని మీరు మీ బ్యాంకుకు ఇచ్చిన అనుమతి. చెక్కుకు స్టాప్ పేమెంట్ చెప్పినట్టే దాన్నీ వెనక్కి తీసుకోవచ్చు. నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల పేజీలో ఒక్కోదానికి యూఎమ్‌ఆర్‌ఎన్ అనే పొడుగాటి నంబరుంటుంది. అది కనబడకపోతే కౌంటర్‌లో ప్రింటు అడగండి. తెల్లకాగితం మీద ఖాతా నంబరు, ఆ యూఎమ్‌ఆర్‌ఎన్, సంస్థ పేరు, ఎంత మొత్తం అన్నది రాసి, "ఈ మాండేట్‌ను ఈ తేదీ నుంచి రద్దు చేయగలరు" అని ఒక్క వాక్యం చాలు. కథంతా అక్కర్లేదు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చిన పని జరగలేదని తర్వాత వాదించడం చాలా కష్టం. గడువుకు ముందు రోజు కాకుండా కనీసం ఒక వారం ముందే వెళ్లండి. అప్పిచ్చిన సంస్థకు కూడా అదే రోజు ఈమెయిల్ పెట్టండి, అందులో మీరు ఎప్పుడు ఎంత కడతారో రాయండి. ఆటో డెబిట్ యూపీఐ మీద పెట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట చూడండి. అక్కడ రద్దు చేసే వీలు లేకపోతే బ్యాంకుకే రాయాలి. బ్యాంకు వినకపోతే వాళ్ల ఫిర్యాదుల విభాగానికి రాయండి, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా వేయాలో చెబుతారు.

నాలుగో యాప్‌ను ఈ మూడింటితో కలపొద్దు. దాని డబ్బు ప్రతిసారీ ఎవరో ఒక మనిషి పేరున్న యూపీఐకి పోయిందని రాశారు. ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో తెచ్చి, 2025లో కొత్తగా రాసిన డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం, అప్పు డబ్బు సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకే రావాలి, మీ వాయిదా నేరుగా సంస్థ ఖాతాకే పోవాలి. మధ్యలో ఎవరి ఖాతా ఉండకూడదు. యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లిస్టు చూడకూడదు. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీతో ఒక వివరాల పత్రం ముందే ఇవ్వాలి, అందులో లేని చార్జీ తర్వాత వేయకూడదు. బ్యాంకులూ ఎన్‌బీఎఫ్‌సీలూ వాడే యాప్‌ల జాబితా ఇప్పుడు ఆర్‌బీఐ వెబ్‌సైటులోనే ఉంది. మీ నాలుగు పేర్లూ అందులో వెతకండి. నాలుగోది దొరుకుతుందని నేను అనుకోవడం లేదు.

3,900 తీసుకుని 12,000 కట్టారు. నేనైతే ఇంక ఒక్క రూపాయి ఇవ్వను. ఇస్తే ఆగిపోతారని ఆశ ఉంటుంది, కానీ ఇచ్చేవాళ్లనే మళ్లీ అడుగుతారు. ఇవ్వకపోతే కొన్నాళ్లు గొడవ చేస్తారు, దానికి సిద్ధంగా ఉండాలి. యాప్ తీసేసే ముందే అప్పు పేజీ, బెదిరింపు మెసేజ్‌లు, యూపీఐ లావాదేవీల నంబర్లు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌లో దాచుకోండి. తర్వాత అనుమతులన్నీ తీసేసి యాప్ తొలగించండి, యూపీఐ పిన్, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఇలాంటి యాప్‌ల వేధింపులతో ఆత్మహత్యలు జరిగి 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు వరసగా అరెస్టులు చేశారు, అదే నెల 23న ఆర్‌బీఐ కూడా జనాన్ని హెచ్చరించింది. కాబట్టి స్టేషన్‌లో మీరు చెప్పేది వాళ్లకు కొత్త కథేమీ కాదు. వాట్సాప్‌లో ముద్రలతో వచ్చే "అరెస్టు వారెంటు" చూసి వణకొద్దు, అప్పు కట్టలేకపోవడం దానికదే జైలు నేరం కాదు.

నియమబద్ధమైన సంస్థల ఏజెంట్లకూ హద్దులున్నాయి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. బంధువులకు చేసి పరువు తీయకూడదు. "మీ ఆఫీసుకు చెప్పి జీతం ఆపిస్తాం" అన్నది మీకు బాగా భయం వేసిన మాట అని రాశారు. కోర్టు డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు) లేకుండా ఎవరూ జీతాన్ని జప్తు చేయించలేరు. డిక్రీ వచ్చినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మీ యాప్ వాడు చెప్పినంత సులువు కాదది.

ఇక మీ ఆయనకు చెప్పడం. ఇది మీ ఇంటి విషయం, చెప్పి తీరాలని నేను అనను. కానీ మరిదికి ఫోన్ వెళ్లాక ఈ రహస్యం ఎన్నాళ్లుంటుంది? మరిది నోట వినడం కన్నా మీ నోట వినడం ఆయనకూ మేలు. చెప్పేటప్పుడు ఏడుస్తూ కాకుండా, పైన వేసిన లెక్క కాగితం మీద రాసి, ఐదు నెలల్లో తీరిపోతుందని చూపించి చెప్పండి. గాజుల సంగతి కూడా అప్పుడే తేలుతుంది. కోప్పడతారు. ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. మరిదికి, మిగతా దగ్గరివాళ్లకు మాత్రం ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి: "నా పేరుతో ఒక మోసపు యాప్ నుంచి ఫోన్లు, ఫొటోలు రావచ్చు. నమ్మొద్దు, తీయొద్దు, స్క్రీన్‌షాట్ నాకు పంపండి." ముందే తెలిసినవాళ్ల దగ్గర ఆ బెదిరింపు పనిచేయదు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని ఒక మూల రాశారు. టెన్షన్ మరీ ఎక్కువైతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

రేపు పని హెచ్‌ఆర్‌తో, ఎల్లుండి బ్యాంకుతో. వచ్చే నెల వాయిదాలు దాటిన మర్నాడు పాత ఖాతా పాస్‌బుక్ ప్రింటు వేయించుకుని, 590 అన్న అంకె ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే, ఏ తేదీన, ఏ సంస్థ పేరు పక్కన పడిందో రాసి పంపండి, అక్కడినుంచి మళ్లీ చూద్దాం.